అంతరించిపోతున్న కాకి పిలుపు

ఆ అడవిలో ఏనుగు దొరగారికి ఒకరోజు మంచి బుద్ధి పుట్టింది. అంతరించిపోతున్న ఆచారాన్ని బతికించేవారికి గంపెడు సజ్జలు గ్రాంటుగా ఇస్తానని చాటింపు వేయించారు.

గుర్నాథం అనే కాకి వెంటనే అర్జీ పెట్టుకుంది. 'మెతుకు కనబడితే నలుగురినీ పిలిచి తినడం మా తాతలనాటి ఆచారం. ఇప్పుడెవరూ పాటించడం లేదు. నేను బతికిస్తాను' అని రాసింది. ఆ సంగతి తోటి కాకులకు మాత్రం చెప్పలేదు. వానాకాలమంతా ఆ గంప తానొక్కటే తినాలని దాని ఆశ.

విచారణకు తాబేలు వచ్చింది, గంప వీపున పెట్టుకుని.

"ఏదీ, ఆ పిలుపు ఎలా ఉండేదో ఒక్కసారి వినిపించు నాయనా. సంతకం పెట్టేస్తా."

"మెల్లిగా పిలిస్తే చాలా తాతా?"

"నాకు వినబడితే చాలు."

గుర్నాథం గొంతు తగ్గించుకునే నోరు తెరిచింది. కానీ ఎదురుగా ఉన్నవి సజ్జలాయె. పుట్టుకతో వచ్చిన అలవాటు ఊరుకుంటుందా? కావుకావుమని అడవంతా మార్మోగింది. రెప్పపాటులో రెండొందల కాకులు దిగి, గంప అడుగు దాకా పొడుచుకు తినేశాయి.

తాబేలు 'ఆచారం దివ్యంగా ఉంది, గ్రాంటు అక్కర్లేదు' అని రాసుకుని వెనుదిరిగింది.

గుర్నాథం మేనత్త ముక్కు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"మంచి పని చేశావురా అబ్బాయ్. వచ్చే ఏడు కూడా అంతరించిపోతోందనే రాయి."