వీరభద్రం డోలు

గోదావరి ఆఖరి లంకను కూడా మింగేసిన వరద ఏడాది జరిగిందిది. లంకవాళ్లు తలో కాలనీకి చెదిరిపోయారు. పెళ్లిమేళాలన్నీ, దూరదూరాల వాద్యాలను లైను మీద కలిపే పెట్టెల్లోకి వచ్చేశాయి. సన్నాయి కోటిలింగం తన గదిలో ఊదితే, ఎక్కడో మెట్టలో ఉన్న వీరభద్రం డోలు పక్కనే కూర్చున్నట్టు కలిసేది. లైను తెగినా, సన్నాయి వినబడుతున్నంతసేపూ వీరభద్రం బాణీ నేర్చుకున్న ఆ పెట్టె తనే డోలు వాయించేసేది.

ఓ సాయంత్రం పెళ్లి ముగిశాక కోటిలింగం నవ్వాడు.

"ఏం బావా, ఇవాళ చెయ్యి తెగ తిరిగిందే! అక్క ఇంట్లో లేదా ఏంటి?"

పెట్టెలోంచి వీరభద్రం భార్య సీతారత్నం పలికింది.

"ఆయన మధ్యాహ్నమే పోయార్రా తమ్ముడూ. శుభకార్యం చెడకూడదని చెప్పలేదు. వాయించింది పెట్టే."

కోటిలింగానికి చేతిలో సన్నాయి బరువెక్కింది.

"పాడె ముందు డోలు కొట్టేవాడు ఈ కాలనీలో లేడు," అంది సీతారత్నం. "పెట్టె నేను పట్టుకుంటాను. రేప్పొద్దున నువ్వు ఊదరా."

"బావ చేత బావ పాడెకే కొట్టించమంటావా అక్కా?"

"ఇంకొకరి చెయ్యైతే ఆయన కదలర్రా."

మర్నాడు పొద్దున్నే కోటిలింగం తన గదిలోనే సన్నాయి నోట పెట్టుకున్నాడు. తను ఆగితే డోలూ ఆగిపోతుందని, అక్కడ చితి అంటించేదాకా ఊదుతూనే ఉన్నాడు.