ఓక్ ఆకుల నాణెం

నిన్న యుద్ధంలో ఆ దళం వెన్ను చూపింది. ఇవాళ వాళ్ళని పదేసి మందిగా విడదీసి నిలబెట్టారు.

గుంపుకి ఒకడు చావాలి. చంపాల్సింది మిగతా తొమ్మిదిమందే, దుడ్డుకర్రలతో. రోమన్ సైన్యంలో పారిపోయినవాళ్ళకి అదే శిక్ష.

శతాధిపతి లాకో తన ఇనుప టోపీలో పది కంచు నాణేలు వేసి గలగలలాడించాడు.

"తొమ్మిదింటి మీద ఓడ బొమ్మ. ఒకదాని మీద ఓక్ ఆకుల దండ. దండ వచ్చినోడు పోతాడు. నేను చెప్పకుండా గుప్పిట తెరిస్తే ఆ చెయ్యి నరికేస్తా."

తోటి రోమన్ ప్రాణం కాపాడిన వీరుడి తలకి చుట్టే దండ అది. పైవాళ్ళ హాస్యం ఎప్పుడూ ఇలాగే ఏడుస్తుంది.

కుర్ర సిపాయి రూబ్రియస్ తన వంతుకి ఒకటి తీసి గుప్పిట బిగించాడు. నాణెం బాగా అరిగిపోయింది. వేలితో తడిమినా ఏ బొమ్మో తెలియలేదు.

పక్కన సెర్టోర్. నెరిసిన గడ్డం. మొన్ననే వీళ్ళ గుడారానికి వచ్చాడు.

"ఇంటిదగ్గర ఎవరున్నారు అబ్బాయ్?"

"అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు. నా జీతంతోనే తింటారు. నీకెందుకయ్యా ఇప్పుడు?"

లాకో అటు తిరిగాడు.

సెర్టోర్ మోచేత్తో రూబ్రియస్ డొక్కలో పొడిచాడు. వేళ్ళు మెలిపెట్టి నాణెం లాక్కున్నాడు. దాన్ని బొటనవేలితో ఓసారి తడిమి, తన నాణెం అతని చేతిలో కుక్కాడు.

"దొంగ వెధవా, నాది నాకియ్యి."

"నోర్ముయ్యి. ఆయన వింటే ఇద్దరం పోతాం."

రూబ్రియస్ పళ్ళు నూరుతూ గుప్పిట బిగించాడు.

"తెరవండి," అన్నాడు లాకో.

రూబ్రియస్ చేతిలో ఓడ. సెర్టోర్ చేతిలో దండ.

"నా చావు కొట్టేశావురా ముసలోడా. బాగా అయింది," అని పగలబడి నవ్వాడు రూబ్రియస్.

మొదటి దెబ్బ అతనిదే. మోకాలి చిప్ప పగిలింది. రెండో దెబ్బకి దవడ ఊడి వేలాడింది. సెర్టోర్ చేతులు అడ్డం పెట్టుకోలేదు. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని కొట్టారు. రూబ్రియస్ గురి చూసి మరీ కొట్టాడు. అందరూ ఆగాక కూడా కొట్టాడు.

"చాల్లేరా, ఎప్పుడో పోయాడు," అన్నాడు లాకో. "ఏంటి నీకంత కసి?"

"నా నాణెం లాక్కున్నాడు దొరా. ఏ బొమ్మో తెలీక చచ్చాడు."

లాకో శవం వైపు చూశాడు.

"సైన్యంలోకి రాకముందు నాణేల అచ్చులు చెక్కేవాడు వీడు," అన్నాడు నెమ్మదిగా. "ఎంత అరిగిన నాణెమైనా, దాని మీద ఏముందో కళ్ళు మూసుకుని వేలితో చెప్పేవాడు."