శంకుదేవుడి రాయి కింద కాగితం

"దొరొస్తన్నాడు!" గట్టు మీంచి అరిచాడు బుధు.

"దొర్లొస్తన్నాడా? ఎవుడ్రా?" అంది చెవుడున్న ముత్యాలమ్మ.

"దొర్లిపోయినవి మన కొంపలే అత్తా! వత్తన్నది పట్నం దొర!"

నాలుగు రోజుల కిందట కొండ మీద సుడిగాలి దిగింది. ఊరికి మాత్రం సుడి లేదు. పన్నెండిళ్ళకీ కప్పులు లేచిపోయాయి, కప్పుకునే గుడ్డలతో సహా. ముత్యాలమ్మ కోడలు కనక పచ్చి బాలింత. పడమట మబ్బు ముసురుతోంది.

ఎదురుగా కొండనిండా వెదురే. కాని అది సర్కారు అడవి. నిరుడు నాలుగు బొంగులు కొట్టినందుకు ఊరిపెద్ద సుక్రు వీపు మీద గార్డు కర్ర విరిగింది.

గుర్రం వచ్చి ఆగింది. పైన కోటూ, టోపీ. కింద కళ్ళెం పట్టుకుని, మోకాళ్ళదాకా బురదతో ఒక మనిషి.

గుర్రమెక్కినవాడు దొర, కళ్ళెం పట్టినవాడు గుర్రపోడు. కొండల్లో అది తాతలనాటి లెక్క.

సుక్రు కోటు మనిషి కాళ్ళ మీద పడ్డాడు. "బాబూ, ఎదురు కొట్టుకోమని ఒక్క మాట సెప్పండి!"

కోటు వణికింది. పళ్ళు టకటకలాడాయి. మాట రాలేదు.

ఊళ్ళో మిగిలిన ఒక్క కోడినీ కోసి పులుసు పెట్టారు. కోటు మనిషి తాగింది తాగినట్టే కక్కుకున్నాడు.

"దొరంటే నోట మాట దొరకనోడు కావోలు!" పళ్ళు నూరాడు సుక్రు.

"కొట్టండయ్యా, నేను చెబుతున్నాను కదా," అన్నాడు కళ్ళెం పట్టిన మనిషి.

"నువ్వేటి సెప్పీది? గుర్రపోడి మాటిని మేం ఎదురు కొడితే, గార్డు మమ్మల్ని ఎదురు కొడతాడు!"

"వాన మీ గార్డు కోసం ఆగదు. గొడ్డలి ఇలా ఇవ్వు."

పొద్దు వాలేలోగా ఒక్కడే బొంగులు కొట్టి, మోసుకొచ్చి, కనక ఇంటికి కప్పు వేశాడు. అరచేతులు చిట్లి నెత్తురు కారింది.

ముత్యాలమ్మ అంబలి పోసింది. "మీ దొరకంటే నువ్వే నయంరా గుంటడా!"

వెళుతూ అతను సుక్రు చేతిలో ఒక కాగితం పెట్టాడు. "గార్డు వస్తే చూపించు. నేను చీకటి పడకముందే పాడేరు దారి పట్టాలి."

ఊళ్ళో ఎవరికీ చదువు రాదు. ఆ ఊరికి ఎప్పుడు సర్కారు కాగితం వచ్చినా వెట్టిచాకిరీకి పిలుపే. దాని కీడేదో దేవుడే మొయ్యాలని శంకుదేవుడి రాయి కిందకి తోసేశారు.

వాన పదిరోజులు దంచింది. పదకొండిళ్ళు నానాయి. సుక్రు ముసలి తండ్రి చలికి బిగుసుకుపోయి ప్రాణం వదిలాడు.

పదకొండో నాడు గార్డు వచ్చాడు. "ఎవడ్రా ఈ బొంగులు కొట్టింది?"

సుక్రు రాయి కింది కాగితం తీసిచ్చాడు.

గార్డు చదివి తల పట్టుకున్నాడు. "ఇళ్ళకి ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోండని రాసుందిరా! ఇప్పుడు చెల్లదు. ఇలా రాసిచ్చానని తనే పైవాళ్ళకి చెప్పుకుంటే, అడవి మీద అధికారం లేకుండా రాశాడని ఆ పట్నం ఆఫీసర్ని మొన్ననే పీకేశారు. మీరు కొట్టని వెదురుకి ఆయన కొలువు కొట్టేశారు!"

అప్పుడే కోటు మనిషి కాలినడకన ఊళ్ళోకి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు.

"ఇళ్ళు కప్పుకున్నారో లేదో సూసి రమ్మన్నారు..." అంటున్నాడు.

ముత్యాలమ్మ అగ్గయింది. "నిన్ను పీకీశారా? మంచి పని సేశారు! కాయితం రాసినోడివి, అందులో ఏటుందో నోరిప్పి సెప్పలేకపోయావా? ముసిలోణ్ణి సంపేశావు కదరా! నీకంటే నీ గుర్రపోడు నయం!"

ఊరంతా చుట్టూ మూగింది. అతను కోటు విప్పి, మడిచి, రెండు చేతులా గుండెకి పట్టుకున్నాడు.

"నాను భీమన్నని, గుర్రపోణ్ణమ్మా," అన్నాడు అందరికీ వినబడేలా. "దార్లో జొరమొచ్చి పడిపోతే, తన కోటు నాకు తొడిగి, టోపీ ఎట్టి, గుర్రమెక్కించి, కళ్ళెం పట్టుకు నడిసినాడే... ఆ బాబే దొర."