తారుమారైన గాలి

పూడిమడకలో ఆ రోజుల్లో ప్రతి వంటింటి గోడ మీదా సముద్రంలోకి దిగినవాళ్ల సిలిండర్లలో ఇంకెంత గాలి మిగిలిందో అంకెల్లో కనబడేది. బంగారమ్మ చేపల పులుసు కలుపుతూ గోడ వైపు చూసింది. నీటి అడుగున నాచుతోట కోస్తున్న కొడుకు నూకరాజు సిలిండరు సగానికి పైగా ఉంది. కోడలు పైడమ్మది అడుగంటింది.

"నాది అయిపోవచ్చింది అత్తా, పైకొచ్చేస్తన్నాను," అంది గోడలోంచి పైడమ్మ గొంతు. "ఆయనకింకా బోలెడుంది. కోత ముగించుకుని వస్తాడు."

బంగారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నూకరాజు చిన్నప్పటి నుంచీ ఆబగా ఊపిరి పీల్చే మనిషి. కోడలికంటే వాడికి గాలి ఎక్కువ మిగలడం ఆమె ఏనాడూ చూడలేదు. పడవలో సిలిండర్లు మార్చినప్పుడు ఒకరిది ఇంకొకరి చేతికున్న, గాలి లెక్క చూపే గడియారానికి తగులుకున్నట్టుంది.

"ఎనక్కెళ్లమ్మా. మీ ఇద్దరి అంకెలూ తారుమారయ్యాయి. అయిపోయింది నీది కాదు, ఆడిది."

పైడమ్మ వెనక్కి ఈదింది. ఆమె చేరేసరికి నూకరాజు గాలి అందక చేతులు కొట్టుకుంటున్నాడు. తన సిలిండరుకున్న రెండో ఊపిరి గొట్టం అతని నోటికి అందించి, నడుం పట్టుకుని మెల్లగా పైకి తెచ్చింది.

కాసేపటికి గోడలోంచి ఇద్దరి నవ్వూ వినిపించింది. బంగారమ్మ పొయ్యి ఆపి గుమ్మంలోకి వచ్చింది.

"నా కోడలు ఆణ్ణి సముద్రంలోంచి ఎత్తుకొచ్చేసింది," అని వీధంతా వినబడేలా చెప్పింది.