తన్మయికి ఒక ముద్దు

“నేను నానమ్మను, డాక్టర్,” అన్నాడు శ్రీపతి ఇంగ్లీషులో. “పాప పుట్టి రెండు నెలలైంది. ఇంతవరకు దాన్ని ఒక్కసారి కూడా ముద్దు పెట్టుకోలేదు.”

శ్రీపతికి నలభై తొమ్మిదేళ్లు. పెళ్లి కాలేదు. పెర్త్‌లోని హారిస్‌డేల్‌లో, మూడు గోడల నిండా పుస్తకాలున్న గదిలో కూర్చుని, రోగులకూ వైద్యులకూ మధ్య ఫోనులో దుబాసీగా పనిచేస్తాడు. రోగి ‘నేను’ అంటే దుబాసీ కూడా ‘నేను’ అనే చెప్పాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట వదలకూడదు. అది వృత్తి నియమం. ఆ లెక్కన అతడు పదకొండేళ్లుగా గర్భిణిగా, బాలింతగా, మోకాళ్ల నొప్పుల ముసలమ్మగా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఈ ఉదయం ఫోనుకు అవతల, మెల్బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లోని ఒక క్లినిక్‌లో, డాక్టర్ హెలెన్ ఎదుట విద్యావతి, ఆమె భర్త ఆనందరావు కూర్చున్నారు. ఫోను స్పీకరులో ఉంది.

“ఎందుకు పెట్టుకోలేదు?” అంది డాక్టర్. శ్రీపతి దాన్ని తెలుగులో అడిగాడు.

“ఎలా పెట్టుకుంటాను బాబూ? పాప పుట్టే ముందు వారం ఇక్కడే రక్తం పరీక్ష చేసి హెపటైటిస్ బి ఉందన్నారు. చేతిలో ఓ కాయితం పెట్టారు. ఈయన దాన్ని ఫోనులో తెలుగులోకి మార్చి చదివారు. అందులో… ఛీ, ఎలా చెప్పను, ఆడామగా కలిస్తే అంటుకునే జబ్బని రాసుంది.”

శ్రీపతి ‘ఛీ’తో సహా చెప్పాడు.

“అది విని ఈవిడ నావంక చూసిన చూపు మీరు చూడాల్సింది బాబూ!” మధ్యలో అందుకున్నాడు ఆనందరావు. “నలభై ఏళ్ల కాపురం. తెలుగు పండితుడిగా రిటైరైనవాణ్ణి!”

“మీరూరుకోండి. పండితులకు జబ్బులు రావా?”

అదీ చెప్పక తప్పలేదు. డాక్టర్ నవ్వింది.

“మా సాకేత్‌కి తెలియదు బాబూ. కన్నకొడుక్కి ఏమని చెప్పను? షుగరు టెస్టని చెప్పి బస్సెక్కి వచ్చాం. నా కంచం, నా గ్లాసు వేరే పెట్టుకున్నా. పాపను ఎత్తుకుంటే మూతికి పైటచెంగు అడ్డం పెట్టుకుంటున్నా. కోడలు స్పందన మంచి పిల్ల. అదీ మొన్న అడిగేసింది, ‘అత్తయ్యా, తన్మయి మీకు నచ్చలేదా’ అని.” విద్యావతి ముక్కు చీదుకుంది. “ఆదివారం ఇండియా విమానం. మళ్లీ ఎప్పుడొస్తామో. ఆ బుగ్గ మీద ఒక్క ముద్దు పెట్టుకోవచ్చా, కూడదా? అంతే అడుగు.”

శ్రీపతి చెప్పాడు. చివరి వాక్యం దగ్గర తడబడ్డాడు. డాక్టరును క్షమించమని కోరి, ఆ వాక్యం మళ్లీ చెప్పాడు.

అవతల కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది.

“పెట్టుకోండి. బుగ్గ మీద, నుదుటి మీద, ఎన్నైనా. ఈ జబ్బు రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా అంటుకుంటుంది, నిజమే. ముద్దుతో అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. ముద్దుతో వచ్చేవీ లేకపోలేదు: పెదవి మీద లేచే నీటిపొక్కులు, నోట్లో పుండుంటే సిఫిలిస్ సైతం. మీది వాటిలో లేదు. పైగా పాపలకు ఇక్కడ పుట్టగానే దీని టీకా ఇస్తారు. టూత్‌బ్రష్, బ్లేడు మాత్రం ఎవరితోనూ పంచుకోకండి. ఇంకొక మాట. మీకిది బహుశా పుట్టుకలోనే మీ అమ్మగారి నుంచి వచ్చి ఉంటుంది. మీవారిని అనుమానించనక్కర్లేదు.”

శ్రీపతి నెమ్మదిగా, ఏదీ జారిపోకుండా తెలుగులో వినిపించాడు.

“విన్నావా?” అన్నాడు ఆనందరావు. “నా శీలం రుజువు కావడానికి ఆస్ట్రేలియా దాకా రావాల్సొచ్చింది!”

విద్యావతి ఏడుస్తూనే నవ్వింది. “ఆ తల్లి చల్లగా ఉండాలని చెప్పు బాబూ. రెండు నెలల తర్వాత ఇవాళ ఊపిరాడింది నాకు.”

ఆ మాటలు డాక్టరుకు చేరాయి. ఆమె మెత్తగా అడిగింది: “ఇంకేమైనా అడగాలని ఉందా?”

అవతల భార్యాభర్తలు గుసగుసలాడుకున్నారు. ఆనందరావు ఏదో అన్నాడు. విద్యావతి “చాల్లెండి, సిగ్గులేకపోతే సరి” అంటూ నవ్వింది. శ్రీపతి క్షణం ఆగి, ఇంగ్లీషులో అన్నాడు.

“ఒక్కటే, డాక్టర్. బుగ్గ మీద కాకుండా పెదవుల మీద అయితే? ఇద్దరం పెద్దవాళ్లమే. దూరంగా ఉండటమే మంచిదనుకున్నాను.”

“పెదవుల మీదా ఏమీ కాదు.” డాక్టర్ గొంతులో నవ్వు ఉంది, వేళాకోళం లేదు. “అంతకు మించిన సాన్నిహిత్యానికైతే, ఎదుటి మనిషి ముందుగా టీకా డోసులన్నీ పూర్తి చేయించుకుంటే సరి. దయచేసి దూరంగా ఉండకండి.”

“థాంక్యూ, డాక్టర్,” అన్నాడు శ్రీపతి. కాసేపటికి మళ్లీ, “చాలా థాంక్స్.”

“ఏమంటోంది బాబూ డాక్టరమ్మ?”

“భయం లేదంటున్నారమ్మా. దూరంగా ఉండొద్దంటున్నారు.”

“ఎన్నిసార్లు చెబుతుంది పాపం, ఎంత ఓపిక! నువ్వూ చల్లగా ఉండు నాయనా. నా మనసులోది నా నోటికంటే నీ నోటే బాగా పలికింది.”

ఫోను ఆగిపోయింది. శ్రీపతి హెడ్‌ఫోను తీసి, సొరుగు అడుగున దాచిన తన పాత రక్తపరీక్ష కాయితం బయటికి తీశాడు.

పెదవుల మాట విద్యావతీ అడగలేదు, ఆనందరావూ అడగలేదు.