గొడుగుల గౌను

ఆ మనిషి సంచిలోంచి ఒక గౌను తీసి బల్ల మీద పెట్టాడు.

పెద్దవాళ్ల గౌను. నల్ల గుడ్డ. దాని నిండా చిన్న చిన్న తెల్ల గొడుగులు.

"దీన్ని కోసి మా పాపకి గౌను కుట్టాలి, టైలర్ గారూ. ఏడేళ్ల పిల్ల."

టైలర్ గుడ్డని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇరవై ఏళ్లుగా మిషను తొక్కుతున్నాడు కానీ గొడుగుల గుడ్డ ఎప్పుడూ చూడలేదు.

"బంగారంలాంటి గుడ్డ. ఒక్క చిరుగు లేదు. దీన్ని కోస్తే వాళ్లమ్మ నా పీక కోస్తుందేమో! ఆవిడ ఒప్పుకుందా?"

"ఏమీ అనదులెండి."

"అదృష్టవంతులు. మా ఆవిడైతే నన్ను ఊళ్లో ఉండనివ్వదు."

మూల కూర్చుని కాజాలు కుడుతున్న భార్య తలెత్తింది కానీ నవ్వలేదు. మూడు వారాలుగా ఆమె నవ్వడం లేదు.

టైలర్ తమ్ముడు బస్సు డ్రైవరు. మూడు వారాల కిందట అతని బస్సు గుద్ది ఒకామె చనిపోయింది. అతన్ని జైల్లో పెట్టారు. అన్న పూచీ సంతకం పెడితే బెయిలు మీద బయటికొస్తాడు.

అన్న పెట్టనన్నాడు.

రోజూ చదివే తన పార్టీ పేపర్లోనే వచ్చింది మరి. డ్రైవరు తాగి ఉన్నాడట. అవతలి పార్టీ దగ్గర డబ్బు తీసుకుని తమ ఊరేగింపు మీదికి బస్సు తోలాడట.

అవతలి పార్టీ పేపరేమో అసలు ఆ రోజు ఊరేగింపే లేదని రాసింది. ఆ పేపర్ని టైలర్ కొట్టు గడప తొక్కనివ్వడు.

ముందు కాగితం కత్తిరించుకుని, ఆ తర్వాతే గుడ్డ మీద కత్తెర పెట్టడం టైలర్ పద్ధతి. బల్ల కిందనుంచి పాత పేపరొకటి లాగాడు. ఏ రోజుదో కూడా చూడలేదు. పరిచి, మెడ దగ్గర వంపు కత్తిరించాడు.

"ఆ కాగితం వద్దండీ," అన్నాడు ఆ మనిషి.

కత్తెర ఆగింది.

"ఏం? ఎందుకొద్దు?"

"వేరేది ఏదైనా ఉంటే..."

టైలర్ అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఓహో! మా పేపరు తమకి గిట్టదన్నమాట. తమరు అవతలి బాపతా?"

"నేను ఏ బాపతూ కాదండీ. గౌను ఎక్కడైనా కుట్టించుకోవచ్చు. మీరు ఆ డ్రైవరు అన్నగారని తెలిసి ఇంతదూరం వచ్చాను. ఆయన తాగలేదండీ. నేను అక్కడే ఉన్నాను. బ్రేకు పడలేదు. ఎదురుగా ఊరేగింపు. జనం మీదికి పోకుండా గోడవైపు తిప్పేశాడు. గోడ పక్కన ఉన్నామె కనబడి ఉండదు. సీట్లోంచి దింపింది నేనే. మందు వాసన లేదు. పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు."

మూల సూది ఆగిపోయింది.

"విన్నారా?" అంది భార్య. "బాబుగారూ, ఇంకోసారి చెప్పండి. గట్టిగా చెప్పండి."

"నువ్వూరుకో!" అని, టైలర్ ఆ మనిషి వైపు తిరిగాడు. "ఎంతిచ్చారయ్యా నీకు?"

"ఎవరండీ?"

"ఇంకెవరు? నిన్ను పంపినవాళ్లు. పేపర్లో అంత వివరంగా వేశారు. వాళ్లకి తెలీంది నీకు తెలుసా?"

"రెండు పేపర్లవాళ్లూ నా దగ్గరికొచ్చారండీ. ఏం చూశావని మాత్రం అడగలేదు."

"చాల్లే, కథలు చెప్పకు. సొంత తమ్ముడి మాటే వినలేదు, నీ మాట వింటానా? తియ్ నీ గుడ్డ!"

గౌను విసిరాడు. అది నేల మీద పడింది.

ఆ మనిషి వంగి తీసుకున్నాడు. దానికి అంటిన దారప్పోగులు ఒక్కొక్కటే ఏరాడు. నాలుగు మడతలు పెట్టి, సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు.

టైలర్ పంతం కొద్దీ ఆ పేపరుతోనే ఏడేళ్ల పిల్ల గౌనుకి కాగితం కత్తిరించి మేకుకి తగిలించాడు. తమ్ముడి పూచీ సంతకం మాత్రం పెట్టలేదు.

నాలుగు నెలలకి కేసు కొట్టేశారు.

కోర్టుకి భార్య ఒక్కతే వెళ్లొచ్చింది. వచ్చాక నోరు విప్పలేదు.

మర్నాడు టైలర్ పేపరంతా వెతికాడు. ఒక్క ముక్క లేదు. ఎన్నడూ లేనిది వీధి చివరికి వెళ్లి అవతలి పేపరు కొన్నాడు. అందులో ఈ కేసులో గెలుపు తమ పార్టీదేనని ఉంది, అంతే.

ఆఖరికి భార్యనే అడిగాడు.

"ఎలా కొట్టేశారు?"

"ఆ రోజు మీరు తరిమేశారే, ఆయన వచ్చి సాక్ష్యం చెప్పాడు. ప్లీడర్లు ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా అదే మాట. మన కొట్లో చెప్పిన మాటే."

"మరి తమ్ముడేడీ?"

"అటునుంచి అటే వెళ్లిపోయాడు. మనింటి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అన్నయ్యకి ఇచ్చెయ్ వదినా అన్నాడు."

టైలర్ తాళంచెవి తీసుకుని మిషను సొరుగులో వేశాడు.

"ఇంతకీ ఆయనెవరట?"

"మీ పేపర్లోనే ఉంది. చూసుకోండి."

"అంతా చూశాను. లేదు."

ఆమె లేచి, మేకుకున్న కాగితాలన్నీ తిరగేసి, చిన్న గౌను కాగితం లాగి అతని ముందు పెట్టింది.

మెడ వంపు పక్కనే నవ్వుతున్న ఒకామె పాత ఫొటో ఉంది. కింద, బస్సు గుద్ది చనిపోయిన మహిళ అని సన్నటి అక్షరాలు.

ఆనాడు తమ్ముడి గురించి వేసిందంతా రెండుసార్లు చదివాడు. ఈ ఫొటో వైపు చూడనే లేదు.

ఆ మొహం అతను ఎరగడు.

ఆమె వేసుకున్న గౌను మాత్రం ఎరుగును. నల్ల గుడ్డ మీద, చిన్న చిన్న తెల్ల గొడుగులు.