పదిహేడో నంబరు

కూతురు పెద్దయ్యాక ఆ మాస్టారి క్లాసులో పడుతుందేమోనని ఆమెకు భయం. అన్ని భయాల్లోకీ పెద్దది అదే. కూతురికి ఇంకా మూడేళ్లే.

ఆయన పాఠాలు చెప్పే కంప్యూటర్ శిక్షణ కేంద్రంలోనే ఆమె ప్రోగ్రామింగ్ నేర్చుకోబోయింది. నెలల పాపకు జ్వరమొచ్చి రెండు క్లాసులు పోయాయి. మూడో రోజు లేచి సందేహం అడిగింది. మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు.

"నీకెందుకమ్మా ఇవన్నీ? వెళ్లి పాలు పొంగకుండా చూసుకో."

నలభై మంది నవ్వారు. ఆమె చదువు అక్కడితో సరి.

ఆ తర్వాత, పాప మధ్యాహ్నం పడుకునే గంటలో, ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టింది. తప్పయితే మళ్లీ చేసుకోవడమే, నవ్వేవాళ్లు లేరు. రెండేళ్లకు పని చేతికొచ్చింది.

ఈ ఏడాది కేంద్రంవాళ్లు లెక్చర్లు ఎత్తేశారు. ఎవరి వీలును బట్టి వాళ్లు ఇంట్లోనే చేసుకునే పాఠాలు పెట్టారు. వాటిని రాసే ఉద్యోగం ఆమెకే దక్కింది. పాత మాస్టార్లు ముందు ఆ పాఠాలన్నీ పూర్తి చేయాలి, చేయలేకపోతే ఇంటికే. జాబితాలో ఆయనది పదిహేడో నంబరు.

మిగతావాళ్లు తప్పు చేస్తే తెర మీద చిన్న సూచన వస్తుంది. పదిహేడుకు మాత్రం మాస్టారి మాటలే వచ్చేలా రాసింది. 'ఇది కూడా రాదా?' 'నీ వల్ల కాదు, లే.' 'వెళ్లి పాలు చూసుకో.' టైపింగులో ఒక్క ఖాళీ ఎక్కువ పడినా తప్పని చూపేలా పెట్టింది.

రోజూ పొద్దున్నే పదిహేడో నంబరు లెక్క చూసుకునేది. మూడో పాఠం, పన్నెండు ప్రయత్నాలు. మర్నాటికి ముప్పై ఒకటి. ఆ పూట ఆమెకు అన్నం రుచిగా ఉంది.

సంగతి విని భర్త తల పట్టుకున్నాడు. "పోనీలేవే, పెద్దాయన."

"ఆ రోజు ఆయన పోనిచ్చాడా నన్ను?"

యాభై ఎనిమిదో ప్రయత్నం దగ్గర అంకె ఆగిపోయింది. నాలుగు రోజులైనా కదల్లేదు. పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఆయన పేరు తన చేత్తోనే కొట్టేయాలని ఆఫీసుకు వెళ్లింది.

మాస్టారు ఒక్క పాఠమైనా తెరవకుండానే వేరేచోట ఉద్యోగం చూసుకుని పోయారనీ, ఖాళీ అయిన పదిహేడో నంబరును ఇంట్లోంచే చదువుకుంటానని వచ్చిన ఒక చంటిబిడ్డ తల్లికి ఇచ్చామనీ గుమాస్తా చెప్పాడు. ఆ అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదు, ఇచ్చిన చిరునామాలో ఇంటికి తాళం ఉంది, ఇది చదువుతున్న మీ చుట్టుపక్కల ఈ మధ్యే కంప్యూటర్ మూసేసి కూర్చున్న తల్లి ఎవరైనా ఉంటే ఒక్కసారి తలుపు తట్టి, ఎలా ఉందో చూసి రండి.